అమ్మ హెర్నియాకు మెష్ అవసరమా?

రెండేళ్లుగా గ్యాస్ ట్రబుల్ అనుకుని మాత్రలు మింగుతూ వచ్చిన మా అమ్మను గూడూరు నుంచి చెన్నైకి తీసుకువచ్చి స్కాన్ చేయించాకే, ఆమె జీర్ణాశయంలో సగానికి పైగా డయాఫ్రమ్ (ఛాతీని, పొట్టను వేరుచేసే కండరం) రంధ్రం గుండా ఛాతీలోకి ఎక్కిందని, ఇదీ ఒక రకం హెర్నియాయేనని తెలిసింది. నాలుగు ముద్దలు తినగానే ఆయాసం ఎందుకు వచ్చేదో అప్పుడు అర్థమైంది. ఆ రంధ్రాన్ని కుట్టి మూసే ఆపరేషన్‌కు ఆసుపత్రివారు, కుట్లకు బలంగా వేసే వలలాంటి పొర అయిన మెష్‌తో ఒకటి, మెష్ లేకుండా ఒకటి, రెండు ఎస్టిమేట్లు ఇచ్చారు.

నాన్న గజ్జల్లో హెర్నియాకు మెష్ వేయించుకుని పదేళ్లుగా హాయిగా ఉన్నారు కనుక అమ్మకూ ఖరీదైన రకమే వేయిద్దామని తమ్ముడు పట్టుబట్టాడు. నాకూ మొదట అదే సబబనిపించింది. అయితే గజ్జల్లో మెష్ కండరాల పొరల మధ్య ఒదిగి ఉంటుంది. ఇక్కడ మాత్రం ప్రతి శ్వాసకూ, ప్రతి గుక్కకూ కదిలే అన్నవాహిక పక్కనే దాని అంచు ఉంటుంది. కరగని మెష్‌లు కొందరిలో అన్నవాహికను ఒరుసుకుంటూ లోపలికి చొచ్చుకుపోయాయి. మెష్ వల్ల చిక్కులు వచ్చిన 28 మంది గురించి 2009లో సర్జన్లు ప్రచురించిన నివేదికలో 17 మందికి జరిగింది ఇదే. కొందరికి అన్నవాహికనే తీసివేయవలసి వచ్చింది. ఇది అరుదే అయినా, డెబ్బై రెండేళ్ల మనిషి విషయంలో నేను దీన్ని పక్కన పెట్టలేకపోయాను.

మెష్ లేకపోతే తిరగబెడుతుందన్న భయం నిరాధారమేమీ కాదు. రంధ్రం 8 సెంటీమీటర్లు, అంతకు మించి ఉన్న 72 మందిపై జరిగి 2002లో వెలువడిన అధ్యయనంలో, కుట్లు మాత్రమే వేసిన 36 మందిలో 8 మందికి తిరగబెట్టగా, పీటీఎఫ్ఈ అనే కరగని ప్లాస్టిక్ మెష్ వేసినవారిలో ఒక్కరికీ తిరగబెట్టలేదు. పంది పేగు పొరతో చేసిన, ఒంట్లో కలిసిపోయే మెష్ కూడా ఆరు నెలలకు తిరగబెట్టడాన్ని 24 శాతం నుంచి 9కి తగ్గించింది. కాని దాదాపు ఐదేళ్ల తరువాత చూస్తే కుట్లవారిలో 59 శాతం, మెష్‌వారిలో 54 శాతం. ఊరటనిచ్చిన సంగతేమిటంటే, అలా తిరగబెట్టినవారిలోనూ చాలామందికి బాధలు తగ్గే ఉన్నాయి, మళ్లీ ఆపరేషన్ దాకా వెళ్లినవారు బహు కొద్దిమంది.

రంధ్రం అంచుల్లోని కండరాలు బిగువు లేకుండా దగ్గరకు వస్తే కుట్లే చాలునని, రాకపోతే కరిగే మెష్‌ను అన్నవాహిక చుట్టూ కాక వెనుక మాత్రమే పరచి, పైనే గుండె ఉంటుంది కనుక పిన్నులు గుచ్చి బిగించే ట్యాకర్‌తో కాకుండా కుట్లతోనే బిగిస్తానని మా సర్జన్ చెప్పారు. ఆ నిర్ణయాన్ని లోపల చూశాక ఆయననే తీసుకోమన్నాం. కండరాలు సులువుగానే కలిశాయి, మెష్ వేయలేదు. ఆ మాటను డిశ్చార్జి సమ్మరీలో రాయించుకున్నాం. వేసి ఉంటే దాని రకం, పేరు కూడా రాయించి ఉండేవాళ్లం, ఎందుకంటే రేపు మరో సర్జన్ అమ్మ పొట్టను తెరవవలసి వస్తే ఆయన మొదట అడిగేది అదే.