మోడలర్‌కి అసలు క్యాబినెట్ తగిలించినప్పుడు

మోడలర్‌లో (గిటార్ యాంప్, ఎఫెక్ట్స్ శబ్దాలను అనుకరించే డిజిటల్ పెట్టె) చేసుకున్న ప్యాచ్, అంటే సెట్టింగుల జట్టు, హెడ్‌ఫోన్స్‌లో అదిరిపోయి స్టేజి మీద మూత పెట్టిన బిందెలోంచి వస్తున్నట్టుంటే, ఈక్యూ (బాస్, ట్రెబుల్ సరిచేసేది) జోలికి పోకముందు క్యాబ్ బ్లాక్ (స్పీకర్ క్యాబినెట్‌ని అనుకరించే భాగం) ఆన్‌లో ఉందేమో చూడండి. గిటార్ స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక పైశబ్దాన్ని తనే కోసేస్తుంది. క్యాబ్ బ్లాక్‌లోని ఐఆర్ (మైకు పెట్టి పట్టుకున్న స్పీకర్ శబ్దపు ముద్ర) చేసేదీ అదే కోత, పైగా అందులో మైకు రంగు కూడా కలిసి ఉంటుంది. రెండూ ఉంటే కోసిందాన్నే మళ్లీ కోసినట్టు.

అలాగని క్యాబ్ బ్లాక్ మొత్తానికే తీసేస్తే పీఏలో (జనానికి వినిపించే పెద్ద స్పీకర్లలో) కందిరీగల గుంపు వదిలినట్టుంటుంది. అందుకే క్యాబినెట్‌కొకటి, పీఏకొకటి, రెండు దారులు కావాలి. హీలిక్స్ మోడలర్‌లో యాంప్, డిలే, రివర్బ్ అన్నీ అయ్యాక స్ప్లిట్ (సిగ్నల్‌ని రెండుగా చీల్చేది) పెట్టండి. ఒక దారి క్యాబ్ లేకుండా పావు అంగుళం అవుట్‌కి, రెండోది ఐఆర్‌తో, పీఏకి పోయే ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్‌కి. హెచ్‌ఎక్స్ స్టాంప్ అనే చిన్న మోడలర్‌లో అయితే క్యాబ్‌కి ముందు సెండ్ బ్లాక్ పెట్టి, సెండ్ జాక్ నుంచి పవర్ యాంప్‌కి (స్పీకర్‌ని నడిపే యాంప్) వైరు లాగితే చాలు. కెంపర్ మోడలర్‌లో అవుట్‌పుట్ మెనూలోని ‘మానిటర్ క్యాబ్ ఆఫ్’ ఒక్క నొక్కుతో ఈ పని చేసేస్తుంది. కాకపోతే మైకు పెట్టి తీసిన స్టూడియో ప్రొఫైల్‌లో (అసలు యాంప్ నుంచి తీసిన నకలు) యాంప్ ఎంత, క్యాబ్ ఎంత అన్నది యంత్రం కట్టే అంచనా మాత్రమే. అసలు క్యాబినెట్‌కి, క్యాబ్ కలవకుండా తీసిన డైరెక్ట్ యాంప్ ప్రొఫైలే నయం.

చాలామంది పట్టించుకోనిది పవర్ యాంప్. స్పీకర్ ఇంపిడెన్స్ (కరెంటుకి ఇచ్చే అడ్డు) అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా ఒకేలా ఉండదు. కింద రెజొనెన్స్ దగ్గర ఒక శిఖరం, పైకి పోయే కొద్దీ ఎక్కువవుతుంది. ట్యూబ్ పవర్ యాంప్ ఆ రెండు చోట్లా ఎక్కువ వోల్టేజి ఇస్తుంది. ఆ ఉబ్బు, ఆ మెరుపు మనకు అలవాటైన శబ్దం. క్లాస్ డి (ట్యూబులు లేని పవర్ యాంప్ రకం) ఆ పని చేయదు కాబట్టి మోడలర్ చేయాలి: ఫుల్ యాంప్ మోడల్ (ప్రీయాంప్, పవర్ యాంప్ రెండూ కలిసింది) ఉంచండి. వెనక ట్యూబ్ పవర్ యాంప్ ఉంటే ప్రీయాంప్ (టోన్ మలిచే ముందు భాగం) మోడల్‌తో మొదలుపెట్టండి, లేకపోతే బాస్ గుబగుబలాడుతుంది. ఇదీ కోత మీద కోత లాంటి తప్పే.

వాట్ల లెక్క ఓమ్స్ చూసి వేయాలి. 4 ఓమ్స్ దగ్గర 170 వాట్లిచ్చే పవర్‌స్టేజ్ 170 అనే పవర్ యాంప్ నుంచి 8 ఓమ్స్ క్యాబ్‌కి వచ్చేది దాదాపు సగం, 16కి ఇంకా తక్కువ. అలాగని ఒంటరి గ్రీన్‌బ్యాక్ స్పీకర్‌కి పూర్తిగా తెరిచి పెట్టకండి, దాని ఓపిక 25 వాట్లే. వింటేజ్ 30 స్పీకర్ అయితే 60 వాట్లు. పవర్ యాంప్‌కీ క్యాబ్‌కీ మధ్య స్పీకర్ కేబులే వాడాలి, గిటార్ కేబుల్ సన్నటి తీగ వేడెక్కుతుంది. ట్యూబ్ యాంప్‌ని స్పీకర్ లేకుండా ఆన్ చేయకూడదని చెప్పనే అక్కర్లేదు.

అద్దెకు తెచ్చిన కాంబో (యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉన్నది) దొరికితే ముందువైపు ఇన్‌పుట్‌లో గుచ్చకండి, అక్కడ ఇంకో ప్రీయాంప్ కూర్చుని ఉంది. ఆ ప్రీయాంప్‌ని దాటేలా వెనక ఎఫెక్ట్స్ రిటర్న్‌లోకి పోవాలి. జేసీ 120 అనే కాంబోలో ఎఫెక్ట్స్ లూప్‌కి (సెండ్, రిటర్న్ జాక్‌ల జత) లెవెల్ స్విచ్ ఉంటుంది: మోడలర్ లైన్ లెవెల్ (బలమైన సిగ్నల్) ఇస్తుంటే +4 దగ్గర ఉంచండి. స్విచ్ –20 మీద ఉంటే సిగ్నల్ పగులుతుంది. ఇంకెక్కడైనా సిగ్నల్ చాలక నాబ్ బాగా తిప్పాల్సి వస్తే ‘ఉష్’ శబ్దం కూడా పెరుగుతుంది.

ప్యాచ్‌ని గదిలో మెల్లగా వింటూ సరిచేస్తే చెవి బాస్‌నీ ట్రెబుల్‌నీ తక్కువ చేసి వింటుంది, మనం పెంచేస్తాం. స్టేజి వాల్యూమ్‌లో అవే మీద పడతాయి. డ్రమ్స్ పక్కన వినబడే వాల్యూమ్‌లో కూర్చుని గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) పావు వంతు తగ్గించండి, 80 హెర్ట్జ్ దగ్గర లో కట్ (అంతకు కింది శబ్దం కోత) పెట్టండి, 700 దగ్గర కాస్త మిడ్స్ పెంచండి. హీలిక్స్ గ్లోబల్ ఈక్యూని పావు అంగుళం అవుట్‌కే పరిమితం చేయొచ్చు, పీఏ చెడదు.

ఇక క్యాబ్ ఎత్తు. 12 అంగుళాల స్పీకర్ పైశబ్దాన్ని టార్చిలైటులా తిన్నగా విసురుతుంది. నేల మీద పెడితే అది మీ మోకాళ్లకు తగిలి ముందు వరుసవాళ్ల చెవుల్లోకి పోతుంది. మీరేమో వినబడట్లేదని ట్రెబుల్ పెంచుతారు. కుర్చీ మీద పెట్టండి, లేదా వెనక్కి వాల్చండి.