పండగ గురువారం, పరీక్ష శనివారం

2025లో దసరా అక్టోబర్ 2న వచ్చింది. మా అమ్మాయి రాయాల్సిన శాట్, అంటే అమెరికా కాలేజీల్లో చేరడానికి రాసే పరీక్ష, అక్టోబర్ 4న పడింది. మధ్యలో ఉన్నది ఒక్క శుక్రవారం. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ చుట్టాలందరిదీ ఒకటే మాట, ఈసారి మీరు పండగ మానుకోండి, పిల్లని చదువుకోనివ్వండి అని. మా అన్నయ్య ఫోన్ చేసి "మీరు రావద్దులే, సద్దులు మేమే పంపిస్తాం" అన్నాడు. మా అమ్మ సౌండ్ పూర్తిగా తగ్గించేసి బొమ్మలు మాత్రమే చూస్తూ సీరియల్ చూడటం మొదలుపెట్టింది.

నేను ఒప్పుకోలేదు. పండగ చేసుకుందాం అన్నాను, చేసుకున్నాం. ఎందుకన్నానో రాయాలనిపించింది, ఎందుకంటే అమెరికా నుంచి తిరిగొచ్చిన చాలా ఇళ్ళలో, అక్కడే ఉన్న ఇళ్ళలో కూడా, పరీక్షకి ముందు వారం ఇదే గొడవ నడుస్తుంది.

మా అమ్మాయి పుట్టింది న్యూజెర్సీలో. ఎనిమిదో తరగతిలో ఉండగా ఇక్కడికి తీసుకొచ్చాను. వాళ్ళ నాన్న ఉద్యోగం వల్ల ఇంకా ఎడిసన్‌లోనే ఉన్నారు, మేమిద్దరం హైదరాబాద్ నిజాంపేటలో అమ్మ దగ్గర ఉంటున్నాం. ఎడిసన్‌లో బతుకమ్మ ఏ రోజు వచ్చినా శనివారానికి జరుపుకుని, ఎవరో ఒకరు స్కూల్ హాలు అద్దెకి తీసుకుంటే అక్కడ ఆడేవాళ్ళం. గునుగు పువ్వు అనేది మా పిల్ల ఫోటోలోనే చూసింది. ఇప్పుడు అమ్మమ్మ పక్కన కింద కూర్చుని తంగేడు, గునుగు వరస తప్పకుండా పేర్చడం వచ్చు తనకి. ఇందుకోసమే కదా ఇంత దూరం వచ్చాం. ఆ పండగ ఇంటికి వచ్చినప్పుడు పరీక్ష పేరు చెప్పి పిల్లని గదిలో కూర్చోబెడితే, ఎడిసన్‌లో ఉన్నా నిజాంపేటలో ఉన్నా తేడా ఏముంది?

ఈ భయం ఎక్కడి నుంచి వస్తోందో నాకు బాగా తెలుసు. నేను ఎంసెట్ రాసినదాన్ని. ఏడాదికి ఒక్కసారి, ఒక్క పూట, ఆ పూట జ్వరం వస్తే ఏడాది పోయినట్టే. అందులో వచ్చేది ర్యాంకు, అంటే మనం ఎంత బాగా రాశామన్నది ఒక్కటే చాలదు, పక్కవాళ్ళు మనకన్నా బాగా రాయకూడదు కూడా. మా తరం వాళ్ళం అమెరికా వెళ్ళినా ఆ భయాన్ని దింపుకోలేదు, అదే కళ్ళతో పిల్లల పరీక్షల్ని చూస్తున్నాం. కానీ మా పిల్ల రాసేది ఆ పరీక్ష కాదు. శాట్‌లో వచ్చేది 400 నుంచి 1600 మధ్య ఒక స్కోరు. ఏడాదిలో చాలాసార్లు పెడతారు, ఈసారి కుదరకపోతే నవంబర్‌లో ఉంది, డిసెంబర్‌లో ఉంది. చాలా యూనివర్సిటీలు ఒకసారి రాసినప్పటి మ్యాథ్స్ స్కోరునీ ఇంకోసారి రాసినప్పటి ఇంగ్లీష్ స్కోరునీ కలిపి, ఏది ఎక్కువైతే అదే తీసుకుంటాయి. కోవిడ్ టైంలో చాలా చోట్ల ఈ పరీక్ష అడగడం మానేశారు. ఎంఐటీ 2022లో మళ్ళీ తప్పనిసరి చేసింది, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా మాత్రం ఇప్పటికీ అసలు చూడదు. ముఖ్యమైన పరీక్షే, కాదనను. కానీ ఇంటిల్లిపాదీ పండగ మానుకోవాల్సినంత పరీక్ష కాదు.

దసరా సెలవులకి మా అన్నయ్య కొడుకు వచ్చాడు. ఇంటర్ సెకండియర్, ఎంపీసీ, హాస్టల్లో ఉండి జేఈఈకి చదువుతున్నాడు. రాగానే మరదలికి సలహా ఇచ్చాడు, "డౌట్ ఉన్నవి ముట్టుకోకు, వదిలెయ్" అని. వాడి పరీక్షకి అది సరైన సలహానే, జేఈఈ మెయిన్‌లో తప్పుకి ఒక మార్కు పోతుంది. శాట్‌లో నెగెటివ్ మార్కులు లేవు, ఒక్కటి ఖాళీగా వదిలినా నష్టమే. "బావా, మాకు తెలియకపోయినా ఏదో ఒకటి పెట్టాలి" అని అది చెబితే వాడు నమ్మలేదు. తర్వాత మ్యాథ్స్ మొత్తానికీ కాలిక్యులేటర్ ఉంటుందని, స్క్రీన్ మీదే డెస్మోస్ అనే గ్రాఫులు గీసే కాలిక్యులేటర్ వస్తుందని చూపించింది. రెండు సమీకరణాలు టైప్ చేస్తే రెండు గీతలూ ఎక్కడ కలుస్తాయో కనిపించేసరికి వాడు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఆ తర్వాత వాడు మూలాల మొత్తం, మూలాల లబ్ధం పట్టుకుని గీత గీయకుండానే జవాబు ఎలా రాబట్టాలో చూపించాడు, అది కాలిక్యులేటర్ కన్నా తొందరగా అయిపోయింది. ఇద్దరూ అలా చాలాసేపు కూర్చున్నారు. ఆ వారంలో తను చదివిన చదువులో అదే అన్నిటికన్నా పనికొచ్చిందని నా నమ్మకం.

వాడికి నచ్చనిది ఒకటుంది. ఇంగ్లీష్‌లో రెండు భాగాలు, మ్యాథ్స్‌లో రెండు భాగాలు ఉంటాయి, వాటినే మాడ్యూల్స్ అంటారు, మొదటి భాగం బాగా రాస్తే రెండోది కష్టంగా వస్తుంది. "బాగా రాసినందుకు పనిష్‌మెంటా అత్తా?" అని నన్నడిగాడు. కాదురా, ఆ కష్టమైన భాగం వస్తేనే పెద్ద స్కోరుకి దారి ఉంటుంది అని చెప్పాను. శాట్ రాసే పిల్లలకి ఆఖరి వారంలో కొత్త పాఠం ఏదీ చెప్పక్కర్లేదు గానీ ఈ మాట మాత్రం చెప్పి పంపండి. చాలామంది పిల్లలు రెండో భాగం చూసి "నాకేమీ రావట్లేదు" అని అక్కడే జారిపోతారు.

ఇక చుట్టాల లెక్క ఇంకోటి, అమెరికాలో పుట్టింది కదా ఇంగ్లీష్ దానికెంత, మ్యాథ్స్ చూసుకుంటే చాలు అని. నిజానికి తనకి మార్కులు పోయేది ఇంగ్లీష్‌లోనే. పుట్టినప్పటి నుంచి మాట్లాడే భాష కాబట్టి చెవికి బాగున్నది సరే అనుకుని పెట్టేస్తుంది, సెమీకోలన్ ఎక్కడ రావాలి, కామా ఎక్కడ రాకూడదు అన్నది చెవికి తెలియదు, రూలు తెలియాలి. పరీక్షలో పేరాలు చిన్నవే, ఒక్కోదానికి ఒక్కటే ప్రశ్న, ఒక్కో భాగంలో 32 నిమిషాల్లో 27 చేయాలి, ఆలోచిస్తూ కూర్చునే టైం ఉండదు. శాట్ రాసే బ్లూబుక్ యాప్‌లో ఆఖరి ప్రాక్టీస్ టెస్ట్ ముందు వారాంతంలోనే రాసేసింది. ఆ తర్వాత కొత్త టెస్ట్ లేదు, తప్పులు రాసుకున్న నోటుబుక్కే. అందులో సగానికి పైగా ఈ కామాల గొడవే.

అలవాట్ల తేడా బయటపడింది తలుపు దగ్గర. మా అమ్మకి అరగంటకోసారి గదిలోకి వెళ్ళి పాలో, బాదం పప్పో పెట్టి రావాలి. పిల్లకేమో తలుపు వేసుకుంటే ఎవరూ రాకూడదు, అది అక్కడ పెరిగిన పద్ధతి. నేను మధ్యలోకి వెళ్ళలేదు. తనే అమ్మమ్మ దగ్గర కూర్చుని, అసలు పరీక్ష కూడా పొద్దున్నే కాబట్టి ఎనిమిది నుంచి పదిన్నర వరకు చదువుకుంటాను, అప్పటిదాకా ఎవర్నీ రానివ్వకు, పదిన్నరకి నువ్వే వచ్చి లేపు అని చెప్పింది. ఇంక చూడండి, మా అమ్మ హాల్లో కుర్చీ వేసుకుని కూర్చుంది, పనమ్మాయి చీపురు చప్పుడు చేస్తే "మెల్లగ ఊడ్వు బిడ్డా, లోపట పిల్ల చదువుకుంటంది" అని, నేను తలుపు దగ్గరికి వెళ్ళినా "ఇంక పావుగంట ఉన్నది, ఆగు" అని. పాలు పదిన్నరకి వెళ్ళాయి, బాదం పప్పు కూడా.

సద్దుల బతుకమ్మకి అపార్ట్‌మెంట్ కింద అందరితో ఆడింది. దసరా రోజే గాంధీ జయంతి కూడా కావడంతో మటన్ బుధవారమే తెచ్చి పెట్టుకోవాల్సి వచ్చింది. గురువారం అన్నయ్య వాళ్ళింటికి వెళ్ళాం. జమ్మి ఆకు పెద్దవాళ్ళ చేతుల్లో పెట్టి కాళ్ళకి మొక్కింది, ప్రతివాళ్ళూ పరీక్ష మంచిగా రాయమని దీవించారు. ఇంతమంది తన పరీక్ష గురించి పట్టించుకుంటున్నారని ఆ పిల్లకి తెలియడం నాకు చాలా ముఖ్యం. ఎడిసన్‌లో తన పరీక్ష సంగతి నాకూ వాళ్ళ నాన్నకీ తప్ప ఎవరికీ తెలిసేది కాదు.

శుక్రవారం ఇంకో ఫుల్ టెస్ట్ రాయించమని వాళ్ళ నాన్న ఫోన్లో అన్నారు. వద్దన్నాను, సరేనన్నారు. ఆ రోజు చదువు లేదు, పనులే. యాప్‌లో పరీక్ష సెటప్, అడ్మిషన్ టికెట్ ముందే అయిపోయాయి, ఇంకోసారి చూసుకున్నాం. సెంటర్లో ప్లగ్ దొరుకుతుందన్న గ్యారంటీ లేదు కాబట్టి లాప్‌టాప్ ఫుల్ ఛార్జ్ చేసి ఛార్జర్ కూడా బ్యాగులో పెట్టింది. మన ఇళ్ళలో చూసుకోవాల్సింది ఇంకోటుంది, పాస్‌పోర్ట్‌లో పేరు. స్కూల్లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్ట్‌లో వెనక, లేదా ఒక చోట ఇనీషియల్ మాత్రమే. రిజిస్ట్రేషన్‌లో పేరు చూపించే ఐడీతో కలవాలి, ఇది ఆఖరి వారం దాకా ఆగే పని కాదు. మధ్యలో ఇంటర్నెట్ పోతే ఎలా అని మా అన్నయ్య టెన్షన్ పడ్డాడు గానీ, మొదలుపెట్టేటప్పుడూ చివర్లో పంపేటప్పుడూ ఉంటే చాలు, మధ్యలో పోయినా పరీక్ష ఆగదు. చిలుకూరు వెళ్ళి పదకొండు ప్రదక్షిణలు చేయిద్దామని అమ్మకి ఉంది. పిల్ల ఇంట్లో ఉంటానంది. అమ్మ అన్నయ్యతో వెళ్ళి తనే చేసి వచ్చింది.

శనివారం పెరుగులో చక్కెర వేసి తినిపించి పంపింది అమ్మ. ఏడూ నలభై అయిదుకల్లా గేటు దగ్గర ఉండాలి, పండగకి ఊళ్ళకి వెళ్ళినవాళ్ళు ఇంకా తిరిగి రాలేదు కాబట్టి రోడ్లు ఖాళీగా ఉన్నాయి. ఎడిసన్‌లో అప్పటికి శుక్రవారం రాత్రి పది దాటింది, వాళ్ళ నాన్న నిద్రపోకుండా లైన్లోనే ఉన్నారు. పరీక్ష సమయం 2 గంటల 14 నిమిషాలు, మధ్యలో పది నిమిషాల విరామం. బయటికి వచ్చి కారెక్కుతూ "అమ్మా, మ్యాథ్స్ సెకండ్ మాడ్యూల్ చాలా కష్టంగా వచ్చింది" అంది, సంతోషంగా. బావకి ఫోన్ చేసి అదే మాట చెప్పింది.

స్కోరు రావడానికి రెండు వారాలు పడుతుంది. నవంబర్‌లో మళ్ళీ రాయాలా వద్దా అన్నది అప్పుడు తనే చెబుతానంది, అప్పటిదాకా ఎవరూ అడగొద్దని అన్నయ్యకీ అమ్మకీ చెప్పాను.