బోనులో మిగిలే వాసన, లెక్కలో వచ్చే తేడా

గచ్చిబౌలి బండల మధ్య పొదల్లోనో, రాజేంద్రనగర్ పొలం గట్ల మీదో షెర్మన్ రేకు బోన్లు (ఎలుకను ప్రాణాలతో పట్టే పెట్టె బోన్లు) పెట్టి ఎలుకల లెక్క తీసేవాళ్లు ఎర మీద పెట్టే శ్రద్ధలో సగమైనా కడగడం మీద పెట్టరు. నిన్న ఎలుక పడిన బోనులో ఎర మార్చి, అదే చోట మళ్లీ పెట్టేస్తారు. లెక్క తప్పేది అక్కడే.

మూత్రం ఆరినా వాసన పోదు. చిట్టెలుక మూత్రంలోని కొన్ని ప్రోటీన్లు వాసన అణువులను పట్టి ఉంచి మెల్లమెల్లగా వదులుతాయి. తమ జాతి వాసన ఉన్న బోనులోకే ఎక్కువగా దూరే ఎలుక జాతులు చాలా ఉన్నాయి. అలాగని అన్నీ ఒకే తీరు కాదు. ఆడదా మగదా, పిల్లలు పెట్టే కాలమా కాదా, ముందు పడింది పెత్తనం చేసే మగదా అన్నదాన్ని బట్టి రమ్మనే వాసనే పొమ్మనొచ్చు. ఇక చుంచెలుక పడిందంటే, దాని పక్కల్లోని గ్రంథుల కంపు ఒక పట్టాన వదలదు.

ఇది అంకెల్లో ఎలా దూరుతుందో చూడండి. మొదటి విడతలో 20 ఎలుకలకు గుర్తు పెట్టి వదిలేశాం. రెండో విడతలో 25 పడ్డాయి, గుర్తున్నవి 10. 20ని 25తో గుణించి 10తో భాగిస్తే 50, పొలంలోని మొత్తం ఎలుకల అంచనా అది. తమ వాసనే ఉన్న బోన్లలోకి పాతవే మళ్లీ వచ్చి, గుర్తున్నవి 15 అయ్యాయనుకోండి, అంచనా 33కి పడిపోతుంది. పొలంలో ఒక్క ఎలుకా తగ్గలేదు.

అందుకే ఎలుక పడిన బోనును పొద్దున్నే తీసేసి, కడిగిన బోను పెట్టాలి. దూది, పాత ఎర అక్కడే దులపకుండా సంచిలో వేయాలి. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి, జబ్బు తెచ్చే లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా ఎలుక మూత్రంలో ఉండొచ్చు. ముందు మామూలు నీళ్లతో బాగా కడగాలి. మూత్రం ఉండగానే బ్లీచ్ పోస్తే అందులోని అమ్మోనియాతో కలిసి క్లోరమిన్ వాయువు వస్తుంది, అది ఊపిరితిత్తులకు చేటు. తర్వాత సువాసన లేని సబ్బుతో వేడి నీళ్లలో నానబెట్టి, తొక్కుడు పలక కిందా, తలుపు కీలు దగ్గరా పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి. మరక గట్టిపడేది ఆ రెండు చోట్లే. నిమ్మ వాసన సబ్బు వాడితే ఒక వాసన తీసి ఇంకొకటి పూసినట్టే. ఒకటికి తొమ్మిది పాళ్ల నీళ్లు కలిపిన బ్లీచ్‌లో అయిదు నిమిషాలు చాలు. ఎక్కువసేపు ఉంచితే అల్యూమినియం తినేస్తుంది. రెండుసార్లు కడిగి ఎండలో ఆరబెట్టండి. బోరు నీళ్ల తెల్ల పొర కీలులో పేరుకుంటే పలక బిగుసుకుపోతుంది, చిన్న ఎలుక తొక్కినా తలుపు పడదు. చివరి కడుగు ఫిల్టర్ నీళ్లతో చేస్తే మేలు.

తీగ బోనులోంచి మూత్రం నేల మీదికే కారుతుంది, కాబట్టి బోను మార్చడంతో పాటు రెండు మూడు అడుగులు జరపాలి. అడుగున చెక్క ఉన్న బోను ఎంత కడిగినా వాసన వదలదు, సర్వేకు వాడొద్దు.

రోజూ కడిగేంత నీళ్లూ అదనపు బోన్లూ లేకపోతే ప్రతి బోనుకు నంబరు వేసి, పట్టికలో ‘ముందు ఏది పడింది’ అని ఒక గడి చేర్చండి. జాతి, ఆడా మగా, తేదీ రాస్తే చాలు. విశ్లేషణలో వాసన ప్రభావాన్ని విడదీయడానికి ఆ గడే ఆధారం.