ఆకులు నీలంగా ఎందుకున్నాయి?

అమెరికాలోని బ్రూక్లిన్ మ్యూజియంలో ఏడు ముక్కల కలంకారీ తెర ఒకటుంది. 1610-1640 మధ్య కోరమాండల్ తీరంలో వేసిందని పండితుల అంచనా. ఒక ముక్కలో టోపీలు పెట్టుకున్న యూరోపియన్లు, మిగతావాటిలో వేరే వేరే వేషాల్లో జనం. ఫొటోలు నెట్‌లో ఉన్నాయి. పెడనలో అద్దకం పనిచేసే ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి, నా కళ్లు బొమ్మల కన్నా ముందు రంగుల మీదికే పోతాయి.

ఆ కాలపు కలంకారీల్లో ఆకులు చాలావరకు నీలంగా కనిపిస్తాయి. వేసినవాళ్ల సరదా అనుకుంటారేమో, కాదు. మైనం పూయని చోట నీలిమందు పట్టించి, దాని మీద పసుపు రంగు పూస్తేనే ఆకుపచ్చ వచ్చేది. పసుపు వెలుతురుకి ఆగదు. అది పోయాక అడుగున ఉన్న నీలం ఒక్కటే మిగులుతుంది. నల్ల గీతల సంగతి ఇంకా ఘోరం. ఇనుము, బెల్లం ఊరబెట్టి చేసే ఆ నలుపు గుడ్డని లోలోపలే తినేస్తుంది. పాత గుడ్డల్లో కొన్నిచోట్ల గీత ఉండాల్సిన చోట గీత ఆకారంలోనే చిరుగు ఉంటుంది. ఎంత జాగ్రత్తగా వేసినా దాన్నుంచి తప్పించుకోలేం.

చరిత్ర రాసేవాళ్లు ఈ గుడ్డల్ని ముందు తిరగేసి చూస్తారు. గోల్కొండ రాజ్యం నుంచి వచ్చిన రుమాళ్లు, పరుపులు చాలావాటి వెనక రాజస్థాన్‌లోని అంబర్ కోట తోషాఖానా (రాజుగారి సామాన్ల కొట్టు) ముద్రలు, సిరాతో రాసిన లెక్కలు ఉన్నాయి. అంబర్ రాజు మీర్జా రాజా జైసింగ్ మొఘలుల తరఫున దక్కనులో యుద్ధాలు చేశాడు. అలా అక్కడికి చేరి ఉండొచ్చంటారు. సరుకు లెక్క ఏ ఏడు చూశారో రాసి ఉంటే, గుడ్డ అంతకు ముందుదేనని ధైర్యంగా చెప్పొచ్చు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో పనిచేసిన జాన్ ఇర్విన్ 1959లోనే వీటిని గోల్కొండ నూలు చిత్రాలుగా పరిచయం చేస్తూ రాశారు.

ఇంత లెక్కలోనూ వేసినవాళ్ల పేర్లు లేవు. ముద్ర వేసింది కొట్టు గుమాస్తా, అతనికి వాళ్లతో పనేముంది?

వాళ్ల ఊరి జాడ మాత్రం ఎరుపు రంగులో కొంత దొరుకుతుంది. మన తీరపు ఎరుపు చిరివేరు అనే మొక్క వేరుది. ఆ రోజుల్లో డచ్చివాళ్లు పెటపోలి అన్న నిజాంపట్నం వైపు వేరుకి మంచి పేరు. గవ్వలు కలిసిన ఇసుక నేలలో సున్నం ఎక్కువ, అందుకే రంగు అంత ఎర్రగా వచ్చేదని పాత మాట. చిరివేరులో అలిజరిన్ అనే ఎర్రరంగు పదార్థం ఉంటుంది గానీ, మంజిష్ఠ జాతి వేర్లలో ఉండే పర్పురిన్ అనే ఇంకో ఎర్రరంగు పదార్థం దాదాపు ఉండదు. గుడ్డ నుంచి చిన్న పోగు తీసి ల్యాబ్‌లో పరీక్షిస్తే ఈ తేడా తెలుస్తుంది. ఇరాన్ ఎరుపు మంజిష్ఠ జాతి వేరుది కాబట్టి, అక్కడ వేసిందా, మన దగ్గర వేసిందా అన్న అనుమానానికి ఇది బాగా పనికొచ్చే సాక్ష్యం. బొమ్మల్లో మనుషులు పర్షియన్ తలపాగాలతో, మద్యం గిన్నెలతో ఉంటారు కాబట్టి చూసినవాళ్లు మోసపోవడం సహజం. కొనేవాళ్ల అభిరుచి అది, చెయ్యి వేరే.

ఇప్పుడు పెడనలో చిరివేరు వాడేవాళ్లు అరుదు, అలిజరిన్ పొడి డబ్బాల్లో వస్తుంది. దానికి ఎవర్నీ తప్పుపట్టను, ఆ వేరు తవ్వి ఉడికించి ఆరేసే ఓపిక, గిట్టుబాటు రెండూ లేవు.

మ్యూజియాల వాళ్లని అడిగేది ఒకటే. ముందు వైపు ఫొటోలు బోలెడు పెడుతున్నారు, వెనక వైపువి కూడా అంతే పెద్దగా పెట్టండి. ముద్రల కోసం మీరు చూడండి, రంగు గుడ్డలోకి ఎంతవరకు దిగిందో, మైనం ఎక్కడ పగిలి నీలం కారిందో మేం చూస్తాం.