మెట్రోపార్క్ ప్లాట్‌ఫారం మీద నాన్నగారితో

శనివారం, రాత్రి.

ఈ రోజు నాన్నగారిని న్యూయార్క్ తీసుకువెళ్లాను. నగరంలో చూసినవాటి గురించి రాద్దామని కూర్చున్నాను గానీ, మనసు బయలుదేరిన చోటే, న్యూజెర్సీ రాష్ట్రంలో ఐసెలిన్‌లోని మెట్రోపార్క్ రైల్వే స్టేషన్‌లోనే ఉండిపోయింది. తొమ్మిదేళ్లుగా ఉద్యోగానికి అక్కడి నుంచే వెళ్లి వస్తున్నాను. విజయవాడ డివిజన్‌లోని చిన్న చిన్న రోడ్‌సైడ్ స్టేషన్లలో ముప్పై ఏళ్లకు పైగా స్టేషన్ మాస్టరుగా పనిచేసిన నాన్నగారికి మాత్రం ఆ చోటును చదవడానికి పావుగంట చాలింది.

కారు పార్కింగ్ భవనంలో పెట్టి నడిచి వస్తుండగా ఆయన అడిగిన మొదటి మాట, "స్టేషన్ సరే, ఊరేదమ్మా?" అని. ఆయనకు తెలిసిన స్టేషన్ ముందు ఒక బజారు ఉంటుంది, రిక్షాలు ఉంటాయి, టీ కొట్టు ఉంటుంది, ఊరు అక్కడి నుంచే మొదలవుతుంది. ఇక్కడ మూడు వేలకు పైగా కార్లు పట్టే పార్కింగ్, చుట్టూ ఆఫీసు భవనాలు, ఆ పక్కన గార్డెన్ స్టేట్ పార్క్‌వే అనే పెద్ద రహదారి తప్ప మరేమీ కనబడదు. ఊరి కోసం పుట్టిన స్టేషన్ కాదిదని, కారులో వచ్చేవారి కోసం పెట్టిన స్టేషన్ అని చెప్పాను. న్యూయార్క్, వాషింగ్టన్‌ల మధ్య 1969 జనవరిలో మెట్రోలైనర్ అనే వేగవంతమైన రైళ్లు మొదలైనప్పుడు, శివార్లలో ఉండేవారు నగరం నడిబొడ్డు దాకా వెళ్లకుండా దారిలోనే కారు దిగి రైలెక్కే వీలుండాలని రెండు కొత్త స్టేషన్లు కట్టారు. ఒకటి మేరీలాండ్‌లో వాషింగ్టన్‌కు దగ్గరగా వచ్చింది, రెండవది 1971 నవంబరు 14న ఇక్కడ తెరుచుకుంది. దీని పూర్తి పేరులో హారిసన్ ఎ. విలియమ్స్ అనే సెనేటర్ పేరు కూడా ఉంది. పట్టణ రవాణాకు కేంద్ర ప్రభుత్వ నిధులు తెచ్చిన 1964 నాటి చట్టం కోసం పాటుపడినవాడాయన. ఆ పేరు పెట్టి పిలిచేవారు నాకు ఇంతవరకు తారసపడలేదు.

ప్లాట్‌ఫారం మీదికి చేరాక నాన్నగారు చేతులు వెనక్కి కట్టుకుని పట్టాల వైపు చూస్తూ చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డారు. మొత్తం నాలుగు లైన్లు, రెండే ప్లాట్‌ఫారాలు, అవి కూడా చెరొక అంచున. నడిమి రెండు లైన్లకు ప్లాట్‌ఫారమే లేదు. మన దగ్గర చిన్న స్టేషన్లలో కూడా మెయిన్ లైను నడుమ సూటిగా సాగిపోతుంది, ఆగవలసిన బండిని పక్కనున్న లూపులోకి తీసుకుంటారు కాబట్టి ఆయన మొదట ఇదీ అలాంటిదే అనుకున్నారు. కానీ ఇక్కడి పక్క లైన్లు స్టేషన్ దాటగానే వచ్చి కలిసిపోయే లూపులు కావు, అవి కూడా మైళ్ల తరబడి పక్కపక్కనే సాగే మెయిన్ లైన్లే. అన్ని చోట్లా ఆగే లోకల్ రైళ్లు అంచు లైన్ల మీద, వేగంగా పోయేవి నడిమి లైన్ల మీద నడుస్తాయి. "మరి ఆ మెట్రోలైనర్ ఇక్కడ ఆగాలంటే?" అని నాన్నగారు వెంటనే అడిగారు. ముందుగానే క్రాసోవర్ మీదుగా, అంటే ఒక లైను నుంచి పక్క లైనుకు మారే పట్టాల మీదుగా, అంచు లైనుకు రావలసిందే. ఈనాటికీ ఇక్కడ ఆగే ఆమ్‌ట్రాక్ (దేశమంతటా దూరప్రయాణపు రైళ్లు నడిపే సంస్థ) రైళ్లది అదే పద్ధతి. దూరం పోయే రైళ్ల కోసమని కట్టిన స్టేషన్‌లో ప్లాట్‌ఫారాలు మాత్రం లోకల్ లైన్లకే ఉన్నాయి. 1983లో ఈ లోకల్ రైళ్లను రాష్ట్ర రవాణా సంస్థ న్యూజెర్సీ ట్రాన్సిట్ చేతిలోకి తీసుకున్నది. ఇప్పుడు ఇక్కడ తెల్లవారుజామున కాఫీ కప్పుతో నిలబడేవారిలో ఎక్కువమంది నాలాగా మన్‌హాటన్ ఆఫీసులకు వెళ్లేవారే. కాగితం మీద అనుకున్న స్టేషన్ ఒకటి, వాడుకలో తేలినది మరొకటి. పట్టాల అమరిక మొదటి రోజు నుంచీ ఈ రెండవదాని వైపే ఉన్నదని నాకనిపించింది.

అంతలో నడిమి లైను మీద ఏసెలా అనే ఆమ్‌ట్రాక్ వేగపు రైలు దూసుకుపోయింది. ఆ గాలికి నాన్నగారి కండువా ఎగిరి భుజం మీంచి జారింది, ఆయన దాన్ని పట్టుకోకుండా వెళ్లిపోతున్న బండి చివరి పెట్టెనే చూస్తూ ఉన్నారు. చివరి పెట్టె క్షేమంగా దాటిందో లేదో చూసుకోవడం ఆయనకు ఉద్యోగంలో అబ్బిన అలవాటు.

మా రైలు వేళకు ఆయన కుడి చేతి వైపు చూస్తున్నారు, రైలు ఎడమ వైపు నుంచి వచ్చింది. మన దేశంలో రెండు లైన్లున్న చోట బండ్లు ఎడమ పక్కన నడుస్తాయి, ఇక్కడ కుడి పక్కన. రోడ్ల మీద ఆ తేడాకు ఆయన రెండు వారాల్లోనే అలవాటుపడ్డారు గానీ, రైలు విషయంలో ఒళ్లు ఇంకా పాత లెక్కనే పాటిస్తోంది. తలుపు తెరుచుకోగానే మెట్టెక్కడానికి కాలు ఎత్తబోయి ఆగారు. ఇక్కడి ప్లాట్‌ఫారం పట్టాల మీద నుంచి సుమారు 4 అడుగుల ఎత్తున, పెట్టె గచ్చుతో సమానంగా ఉంటుంది. మన ఎత్తైన ప్లాట్‌ఫారాలు కూడా 840 మిల్లీమీటర్లకు మించవు. "మోకాళ్ల నొప్పులున్న ముసలివాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి" అన్నారు, ఆ మాట ఆయన మనస్ఫూర్తిగా అన్నారు.

రైలు కదిలాక తలపైనున్న కరెంటు తీగల సంగతి వచ్చింది. మన దగ్గర 25 కిలోవోల్టులు, 50 హెర్ట్జ్. ఇక్కడ 12 కిలోవోల్టులు, 25 హెర్ట్జ్. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ అనే పాత రైల్వే కంపెనీ 1930లలో వేసిన ఏర్పాటు ఇంకా అలాగే నడుస్తున్నదంటే ఆయన ఒక పట్టాన నమ్మలేదు. ఈ స్టేషన్‌కు రెండు మూడు కిలోమీటర్లలోపే మెన్లో పార్క్ ఉందని, ఎడిసన్ తన ప్రయోగశాల పెట్టింది అక్కడేనని, 1879 డిసెంబరు 31న ఎడిసన్ విద్యుద్దీపాలను చూడడానికి వచ్చే జనం కోసం ఇదే కంపెనీ ప్రత్యేక రైళ్లు నడిపిందని చెప్పాను. నాన్నగారు కిటికీలోంచి చూస్తూ, "ఆ రాత్రి పాయింట్స్‌మన్‌కు చేతి నిండా పని ఉండి ఉంటుంది" అన్నారు. బండిని ఒక లైను నుంచి ఇంకొకదానికి మళ్లించే పట్టాలను చూసుకునేవాడు పాయింట్స్‌మన్. దీపాల కథ విని పాయింట్స్‌మన్‌ను తలచుకున్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

సాయంత్రం తిరిగి వచ్చి ట్రెంటన్ వైపు ప్లాట్‌ఫారం మీద దిగి, పట్టాల కిందుగా ఉన్న దారిలోంచి ఇవతలికి వచ్చాము. ఓక్ ట్రీ రోడ్డు మీద కూరగాయలు కొన్నాము. ఇంటికి రాగానే ఆయన ఆ కొట్టు బిల్లు వెనక నాలుగు గీతలు గీసి, అంచుల్లో ప్లాట్‌ఫారాలకు గుర్తుగా రెండు పొడవాటి గడులు వేసి, ఒక పక్క "న్యూయార్క్" అని, ఇంకొక పక్క "ట్రెంటన్" అని తెలుగులో రాశారు. క్రాసోవర్లు ఉండవలసిన చోటు ఖాళీగా వదిలారు. కళ్లతో చూడనిది గీయనన్నారు. వచ్చే శనివారం ట్రెంటన్ వైపు తరువాతి స్టేషన్ మెటచెన్ దాకా వెళ్లి వద్దామని, పట్టాలు బాగా కనబడే కిటికీ పక్కన తనను కూర్చోబెట్టమని అడిగారు. ఆ బిల్లు ఇప్పుడు ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఉంది.