లా కాలేజీలో చేరకముందే ఈఎంఐ లెక్కలు

లా ఎంట్రన్స్ పరీక్ష క్లాట్‌కి చదివేటప్పుడు ర్యాంకొస్తే చాలు, మిగతావన్నీ అవే సర్దుకుంటాయి అనుకునేదాన్ని, ఇప్పుడు సీటొచ్చింది గానీ సర్దుకున్నది మాత్రం ఏమీ లేదు. నేషనల్ లా యూనివర్సిటీలంటే ఫీజు, హాస్టల్, మెస్ కలిపి ఏడాదికి రెండు లక్షలు దాటిపోద్ది, కోర్సేమో ఐదేళ్ళు. ఇక సెలవుల్లో ఇంటర్న్‌షిప్ అని ఢిల్లీ వెళ్తే అక్కడ రూము, తిండి మనవే, చాలాచోట్ల పైసా ఇవ్వరు, పైగా నల్ల కోటు కూడా మనమే కొనుక్కోవాలి.

నాన్నది ఊరి లెక్క. బ్యాంకులో ఏడాదికి 10 శాతం అంటే నూటికి నెలకి ఎనభై మూడు పైసలే కదా, బయట రెండ్రూపాయలు నడుస్తోంది, ఎందుకమ్మా భయం అంటారు. నిజమే, కానీ చదువు లోన్‌లో కోర్సు అయ్యేదాకా, ఆ తర్వాత ఇంకో ఏడాది కట్టక్కర్లేదు అనగానే అందరూ హమ్మయ్య అనుకుంటారు చూడండి, కట్టక్కర్లేదంతే, వడ్డీ మాత్రం డబ్బు తీసుకున్న రోజు నుంచే పడుతూ ఉంటుంది. ఏడాదికి రెండు లక్షల చొప్పున 10 లక్షలు తీసుకుంటే, 10 శాతం సాధారణ వడ్డీ వేసినా కట్టడం మొదలెట్టే నాటికి 14 లక్షలవుతుంది. దాన్ని పదిహేనేళ్ళకి సాగదీస్తే నెలకి 15 వేల పైమాటే.

ఆ 15 వేలు ఎక్కడి నుంచి తేవాలన్నదే నా దిగులంతా. నాకు కోర్టుకెళ్ళి వాదించాలని ఉంది, ఆఫీసులో కూర్చుని కంపెనీల అగ్రిమెంట్లు దిద్దడం కాదు. సీనియర్ల దగ్గర పనిచేసే జూనియర్ లాయర్లకి నెలకి సిటీల్లో 20 వేలు, పల్లెల్లో 15 వేలు ఇవ్వమని లాయర్ల మీద అజమాయిషీ చేసే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో చెప్పింది గానీ అది సలహా మాత్రమే, ఇవ్వకపోతే అడిగేవాళ్ళు లేరు. ఒకవేళ ఇచ్చినా పల్లెలో జూనియర్‌కొచ్చే మొత్తం నా ఈఎంఐకే సరి! పోనీ జడ్జి పరీక్ష రాద్దామా అంటే, మూడేళ్ళు ప్రాక్టీస్ ఉండాల్సిందేనని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పేసింది. అంటే చేతిలో డబ్బాడని ఆ మూడేళ్ళలోనే వాయిదాలు కూడా మొదలవుతాయన్నమాట. ఏ లాయర్ అవ్వాలో నేను తేల్చుకునేలోపు అప్పే తేల్చేసేట్టుంది. ఈ మొత్తంలో ఊరటనిచ్చింది ఒక్కటే, లాయర్‌గా పేరు నమోదు చేసుకునే ఎన్‌రోల్‌మెంట్‌కి జనరల్ వాళ్ళ దగ్గర 750 రూపాయలు మించి తీసుకోకూడదన్న సుప్రీంకోర్టు 2024 తీర్పు, అంతకుముందు రాష్ట్రాన్ని బట్టి వేలకి వేలు గుంజేవాళ్ళు.

బ్యాంకులో మేనేజర్ గారు మంచాయనే. ఏడున్నర లక్షల దాకా తాకట్టు అక్కర్లేదు, అది దాటితే చూడాలి, ఇల్లు ఎవరి పేరు మీదుందమ్మా అన్నారు. తాతయ్య పేరు మీద. ఆయన పోయి చాలా కాలమైంది, పంపకాలు కాలేదు, బాబాయ్, అత్తలు అందరూ వచ్చి సంతకాలు పెట్టాలి, పెద్దత్తకీ మాకూ మాటల్లేవు. (వారసత్వ చట్టం రేపు క్లాసులో చదవాల్సిందే, ఇంట్లో ముందే మొదలైంది.) కేంద్రం చదువు లోన్ పథకం పీఎం విద్యాలక్ష్మి కింద అయితే తాకట్టూ షూరిటీ రెండూ అక్కర్లేదు, ఇంటి ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల దాకా లోన్ మీద ఆ కట్టక్కర్లేని కాలానికి 3 శాతం వడ్డీ కేంద్రమే భరిస్తుంది, కాకపోతే మన కాలేజీ పేరు ఆ పథకం లిస్టులో ఉండాలి, ఆ రాయితీ దేశం మొత్తమ్మీద ఏడాదికి లక్ష మందికే. అప్లై చేశా, ఆదాయం సర్టిఫికెట్ కోసం మీసేవ చుట్టూ తిరుగుతున్నాం.

నాన్న ఇప్పుడు కొత్తగా, చదువుతున్నప్పుడే వడ్డీ నెలనెలా నేను కట్టేస్తా అంటున్నారు, అలా కడితే ఒక శాతం దాకా తగ్గించే బ్యాంకులున్నాయి. మొదటేడు నెలకి 1,667, ఓ అది ఎంతలే అన్నారు. ఐదో ఏడాదికి 8,333 అవుతుంది నాన్నా అంటే అప్పటికి చూద్దాంలే అన్నారు. సోమవారం వెళ్ళి మధ్యలో కట్టడం ఆపితే ఆ తగ్గింపు పోతుందా అని అడగాలి.