పంది నోట మామ్మ మాట

“మామ్మా, నువ్వు అచ్చం సినిమాలో అడవిపందిలాగే మాట్లాడతావు!”

ఆరేళ్ల పిల్ల ఈ మాట మెచ్చుకోలుగానే అంది. సినిమా మొత్తంలో దానికి నచ్చింది ఆ పందే. నవ్వలేక, తిట్టలేక నేను వంటింట్లోకి జారుకున్నాను. తప్పు నాదే మరి. హిందీలో పెట్టమని పిల్ల ముందే అడిగింది, “తెలుగులో సింహం ఏటంతందో నాకు తెలీదమ్మా” అని. మేముండే ఒడిశా పర్లాకిమిడిలో బడి ఒడియా, వీధి ఒడియా, ఇల్లు సగం ఒడియా. కనీసం సినిమా అయినా తెలుగులో ఉండాలని నా పట్టు. (మమ్మల్ని ప్రవాసులనడం కూడా విచిత్రమే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడినప్పుడు మా వాళ్లు ఇల్లు కదల్లేదు, సరిహద్దే కదిలింది.) ఆ పట్టుదలలో, అసలు ఆ సినిమా ఆ వయసుకి సరిపోతుందా అని చూడటమే మర్చిపోయాను. తెలుగులో ఉంది కాబట్టి మంచిదే అనుకున్నాను.

జంతువులు మాట్లాడే సినిమా అనగానే పిల్లలదే అనుకుంటాం. సెన్సార్ బోర్డు అలా అనుకోదు. 2016లో వచ్చిన ‘ది జంగిల్ బుక్’కి మన దేశంలో యూ/ఏ (పిల్లలు పెద్దల తోడుతో చూడాలని చెప్పే) సర్టిఫికెట్ ఇచ్చారు. త్రీడీలో జంతువులు మీదికి దూకినట్టు ఉండి పిల్లలు జడుసుకుంటారన్నది కారణం. అప్పుడు చాలామంది నవ్వారు, నేనూ నవ్వాను. 2023లో చట్టం సవరించి ఆ యూ/ఏ కేటగిరీని 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు. అయితే ఆ అంకె తల్లిదండ్రులకి సూచన మాత్రమే, గేటు దగ్గర ఎవరూ పిల్ల వయసు అడగరు. ఓటీటీల సంగతి ఇంకొకటి. 2021 నిబంధనల ప్రకారం పేరెంటల్ లాక్ తప్పనిసరిగా ఉండాల్సింది 13+, ఆపై వాటికే. పిన్ పెట్టేశాం కదా అని నిశ్చింతగా ఉంటే 7+ సినిమా దర్జాగా వచ్చేస్తుంది. పిల్లల ప్రొఫైల్ విడిగా పెట్టి, అందులో వయసు కూడా తగ్గించాలి. సినిమా అవగానే దానంతటదే మొదలయ్యే తర్వాతి వీడియోనీ, ట్రైలర్లనీ ఆపేసుకోవాలి. అసలు సినిమా కంటే ఆ ట్రైలర్లే ఎక్కువసార్లు కొంప ముంచుతాయి.

ఇక ముందుగా చూసి పెట్టడం. మొత్తం చూసే తీరిక ఎవరికుంది? వంద నిమిషాల సినిమా అనుకోండి. మొదటి పావుగంట, మళ్లీ డెబ్భయ్యో నిమిషం నుంచి తొంభయ్యో నిమిషం దాకా చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. పిల్లజంతువు ఒంటరి కాకపోతే ఈ కథలు నడవవు. అమ్మ పక్కనే ఉంటే సాహసం ఏముంటుంది? అందుకే తప్పిపోవడమో, తల్లో తండ్రో పోవడమో తరచుగా మొదట్లోనే పెట్టేస్తారు. రెండో ముక్కలో అంతా అయిపోయిందనిపించే ఘట్టం ఉంటుంది: చీకటి, వాన, కోరలు. ఈ రెండూ వేగం పెంచి చూడకండి. భయం నిశ్శబ్దంలో ఊరుతుంది, వేగం పెంచితే ఆ నిశ్శబ్దమే మాయమైపోయి అంతా సరదాగా కనిపిస్తుంది. ఒకసారి మ్యూట్ చేసి బొమ్మ మాత్రమే చూడండి, ఒకసారి తెరకేసి చూడకుండా శబ్దం మాత్రమే వినండి. భయంలో చాలా భాగం చెవుల్లోంచే వస్తుందని తెలుస్తుంది. ఇంట్లో జరిగే పొరపాటు కూడా అక్కడే. గుసగుసలు వినపడలేదని సౌండ్ పెంచుతాం, మరుక్షణం గర్జన గుండెలమీద పడుతుంది. టీవీ సౌండ్ సెట్టింగుల్లో నైట్ మోడ్ ఉంటే, అది ఆన్ చేస్తే ఆ హెచ్చుతగ్గులు తగ్గుతాయి.

హాలుకి వెళ్తే, పిల్ల జడుసుకుంటే లేచి బయటికి రావడానికి వీలుగా వరస చివరి సీటు తీసుకోండి. త్రీడీ వద్దు: పెద్దవాళ్ల కొలతకి చేసిన కళ్లద్దాలు చిన్న ముక్కు మీద నిలవవు, తీసేస్తే బొమ్మ రెండుగా కనిపిస్తుంది. విదేశీ సినిమాలకి ఇంటర్వెల్ రాసుకోరు కాబట్టి మన హాల్లో ఎక్కడో ఒకచోట కోస్తారు. తండ్రి సింహం కొండ అంచున వేలాడుతుండగా లైట్లు వెలిగితే, పదిహేను నిమిషాలు పాప్‌కార్న్‌తో పాటు ఆ దిగులునీ నమలాలి.

ఏ వయసుకి ఏది భయం అన్నదానిలో మనం ఎక్కువగా పొరబడతాం. నాలుగైదేళ్ల పిల్లలు రూపానికి భయపడతారు. వికారమైన మొహం ఉంటే చాలు, అది మంచి జంతువైనా సరే, జడుసుకుంటారు. ఎనిమిది దాటినవాళ్లు జరగబోయేదానికి భయపడతారు: మన అమ్మ కూడా పోతుందేమో అని. కాబట్టి ఒకే ఇంట్లో చిన్నది హైనాని చూసి ఏడుస్తుంటే, పెద్దవాడు ఏమీ అనకుండా చూసి, మూడు రోజుల తర్వాత రాత్రి నిద్రలేస్తాడు. చిన్నపిల్లలకి “అది నిజం కాదురా” అని చెప్పి లాభం లేదు, అది వాళ్ల బుర్రకి అందదు. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, చేతిలో ఏదో తినే వస్తువు పెట్టడం, కావాలంటే కళ్లు మూసుకోనివ్వడం పనిచేస్తాయి. పైగా బొమ్మ జంతువు కంటే కంప్యూటర్‌తో అచ్చం నిజంలా చేసిన జంతువు గట్టిగా భయపెడుతుంది. దాని మొహంలో నవ్వూ ఏడుపూ సరిగ్గా తెలియవు, కోరలు మాత్రం తెలుస్తాయి.

ఇవన్నీ తెలిసి కూడా నేను చూడనిది డబ్బింగు. రాజుగారి సింహం పుస్తకాల తెలుగు మాట్లాడుతుంది: ‘నీ కర్తవ్యం’, ‘వంశ గౌరవం’. మా పిల్లకి అది పరాయి భాషే. పందికో, నక్కకో, తిండిబోతు ఎలుక్కో మాత్రం యాస పెడతారు, తరచుగా మన శ్రీకాకుళం యాసే. “ఏటి బావూ, ఎటెల్తన్నావు?” అనగానే హాలంతా నవ్వు. ఆరేళ్ల పిల్ల అందులోంచి ఏరుకున్నది ఒకటే, మామ్మలా మాట్లాడేవాళ్లు నవ్వు పుట్టించేవాళ్లు అని. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని ఇది చూస్తున్నాం! ఇప్పుడు సినిమా ముందే చూసేటప్పుడు నేను ఇంకోటి కూడా చూస్తున్నాను: ఎవరికి ఏ యాస ఇచ్చారు, ఎవరిని లావు అని, నలుపు అని వెక్కిరించారు. ఒక్కోసారి ఇలాంటి జోకులు మూలంలో ఉండవు, డబ్బింగులో చేరతాయి. ఆ లెక్కన హిందీ ట్రాకే మెరుగని తేలిన సినిమా కూడా ఉంది. అది ఒప్పుకోవడానికి నాకు వారం పట్టింది.

మా చోటుకి ఇంకో చిక్కుంది. సినిమాలో ఎలుగుబంటి పాట పాడి, పిల్లల్ని పొట్టమీద ఎక్కించుకుంటుంది. పట్నం పిల్లలకి అది బొమ్మే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం జీడితోటల్లో మాత్రం ఎలుగు ఎదురుపడి మనుషుల మొహాలు చీరేసిన ఊళ్లున్నాయి. గజపతి జిల్లా లఖారీ కొండల వైపునుంచి ఏనుగులు సరిహద్దు దాటి శ్రీకాకుళం పొలాల్లోకి వస్తాయి. మన బంధువుల ఇళ్లు ఆ దారుల్లోనే. అందుకే ఎలుగు సినిమా అయ్యాక ఒక్క మాట చెప్పుకోవాలి: తెరమీది ఎలుగు మనల్ని పిలుస్తుంది, తోటలోది మన అలికిడికి ఉలిక్కిపడి మీద పడుతుంది. పాఠంలా కాదు, అన్నం తింటున్నప్పుడు.

ఇంత లెక్క చూస్తున్న నేనే రాత్రి పడుకునేటప్పుడు ఏ కథ చెబుతాను? కోతి గుండెకాయ తినాలని ఆశపడ్డ మొసలి భార్య కథ. బంగారు కడియం చూపించి బాటసారిని మింగేసిన ముసలి పులి కథ. సినిమాలో ఇదే ఉంటే పిన్ మార్చేసి ఉందును. మన కథ అయితే సంస్కారం, వాళ్ల కథ అయితే హింస. కాస్త తేడా ఉందని నన్ను నేను సమర్థించుకుంటాను. పిల్ల మొహం మారితే నేను పులిని నెమ్మదిగా నడిపించగలను, కావాలంటే బాటసారిని చెట్టెక్కించగలను. సినిమాకి అవతల ఎవరు కూర్చున్నారో తెలీదు. కానీ నిజం చెప్పాలంటే, నిద్ర ముంచుకొస్తున్న రాత్రుల్లో నేనూ పిల్ల మొహం చూడను, కథ అవగొట్టేస్తాను అంతే.

చూశాక “భయమేసిందా?” అని అడగడం కంటే “నువ్వైతే ఏ జంతువు అవుతావు?” అని అడిగితే ఎక్కువ బయటపడుతుంది. జవాబు ఒడియాలో వచ్చినా ఆపకండి. మా పిల్ల నక్కని ‘బిలువా’ అనే అంటుంది. ‘నక్క అనాలి’ అని సరిదిద్దిన రోజున మాట అక్కడే ఆగిపోయింది, దాని మనసులో ఏముందో ఇప్పటికీ నాకు తెలీదు.

వచ్చే ఆదివారం ఏ భాషలో పెట్టాలో ఇంకా తేలలేదు. ఆ సినిమా మొత్తంలో పిల్ల తప్పు లేకుండా నేర్చుకున్న తెలుగు పంది డైలాగు ఒక్కటే, దీర్ఘం కూడా సరిగ్గా మామ్మ తీసినట్టే తీస్తుంది. మామ్మకి కోపం రాలేదు. పంది వచ్చినప్పుడు మాత్రం తనని పిలవమంది.